వాటర్ రోలర్లకు ఇంకు ఎక్కుతోందా? తుడిచే ముందు మచ్చను చదవండి

ఆఫ్‌సెట్ మెషిన్‌లో వాటర్ రోలర్ మీద ఇంకు కనబడగానే చెయ్యి ముందు గుడ్డ మీదికి పోతుంది. మెషిన్ ఆపుతారు, కిరోసినో రోలర్ వాషో గుడ్డకు పోసి తుడుస్తారు, మళ్లీ నడుపుతారు. రెండు మూడు వేల ఇంప్రెషన్లు పడేసరికి అదే చోట అదే మచ్చ తేలుతుంది. ఈసారి నీళ్లు పెంచుతారు. నీళ్లు పెరిగితే రంగు పలచబడుతుంది, రంగు కోసం ఇంకు పెంచుతారు, పెరిగిన ఇంకు ఇంకాస్త నీళ్లు తాగి మళ్లీ వాటర్ రోలర్ల మీదికే వస్తుంది. సాయంత్రానికి రీములు రీములు వేస్టేజీ తేలుతుంది.

ఇక్కడ జరిగే అసలు పొరపాటు మొదటి తుడుపులోనే ఉంది. ఇంకు ఏ రోలర్ మీద ఎక్కింది, ఆ రోలర్ మీద ఏ భాగంలో ఎక్కింది, మెషిన్ ఎత్తుకున్న (నడపడం మొదలుపెట్టిన) ఎంతసేపటికి ఎక్కింది అనే మూడు సంగతులే కారణాన్ని చెబుతాయి. గుడ్డ పెట్టి తుడిస్తే మచ్చతో పాటు ఆ ఆధారం కూడా పోతుంది. ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుని ఆ తర్వాత తుడిచినా చాలు, సగం పని అయినట్టే.

1796లో సెనెఫెల్డర్ రాతి మీద కనిపెట్టిన సూత్రమే ఇవాళ్టి అల్యూమినియం ప్లేటు మీదా నడుస్తోంది: జిడ్డు పట్టే చోట నీరు నిలవదు, నీరు నిలిచిన చోట జిడ్డు పట్టదు. ప్లేటుకు ఉన్న ఈ గుణమే రోలర్లకూ ఉండాలి. ఇంకు వరసలోని రోలర్లు ఇంకును ఇష్టపడాలి, వాటర్ ట్రే నుంచి నీటిని పైకి తెచ్చే క్రోమ్ రోలర్ నీటినే ఇష్టపడాలి. ఆ ఇష్టం తారుమారైతే వచ్చే జబ్బే ఇది. కొన్నిసార్లు రోలర్ గుణమే చెడుతుంది. ఎక్కువసార్లు రోలర్ బాగానే ఉంటుంది, దాని మీదికి వచ్చే ఇంకో నీరో చెడి ఉంటుంది.

ఏ రోలర్ మీద ఎక్కితే జబ్బు, ఏది కాదు

మన ఊళ్లలో రెండు రకాల మెషిన్లూ ఉన్నాయి. పాత బేబీ ఆఫ్‌సెట్లలోనూ, సెకండ్‌హ్యాండ్‌లో వచ్చిన జీటీఓ లాంటి చాలా మెషిన్లలోనూ డక్టర్ రోలర్ కొట్టుకుంటూ నీళ్లిచ్చే పాత పద్ధతి ఉంటుంది. దాంట్లో వాటర్ ఫారం రోలర్లకు, అంటే ప్లేటును తాకి తడిపే రోలర్లకు, మోల్టన్ గుడ్డ తొడుగు ఉంటుంది. ఆల్కలర్ లాంటి నిరంతర పద్ధతిలో గుడ్డ ఉండదు. ట్రేలో తిరిగే రోలర్, దానికి ఆనుకుని నీటి పొరను కొలిచే మీటరింగ్ రోలర్, ప్లేటును తాకే రబ్బరు ఫారం రోలర్, పక్కకు కదులుతూ తిరిగే క్రోమ్ రోలర్ ఉంటాయి. వీటిలో ఏది రబ్బరు, ఏది క్రోమ్ అనేది మెషిన్‌ను బట్టి మారుతుంది.

నిరంతర పద్ధతిలో ప్లేటును తాకే రబ్బరు ఫారం రోలర్ మీద పలచని ఇంకు పొర ఉండటం సహజం. నీళ్ల వరసను ఇంకు వరసతో కలిపే బ్రిడ్జ్ రోలర్ ఇంకు వరసకు ఆని ఉన్నప్పుడు అది తప్పదు, ఆ పొర మీదుగానే నీరు ప్లేటుకు చేరుతుంది. కొత్తగా ఈ మెషిన్ల మీదికి వచ్చినవాళ్లు ఆ రంగు చూసి కంగారుపడి గంటకోసారి కడగడం కనిపిస్తుంది, అది అక్కర్లేని పని. పొర నునుపుగా, అంతటా ఒకేలా ఉన్నంతవరకు దాని జోలికి పోవద్దు. అది మందమై, వేలితో తాకితే జిగటగా తీగ సాగుతుంటే, లేదా క్రోమ్ రోలర్ మీద రంగు మబ్బులా కమ్ముకుంటే, లేదా ట్రే నీళ్లలో రంగు తెట్టు తేలుతుంటే అప్పుడు జబ్బు మొదలైనట్టు.

ఇక మచ్చ స్థానం. రెండు చివర్లా ఉంగరాల్లా ఇంకు పేరుకుంటే ముందు అనుమానించాల్సింది ఒత్తిడిని. రబ్బరు రోలర్ చివర్లు ఉబ్బినా, కాగితం వెడల్పు చిన్నదై చివరి భాగాల నుంచి ఇంకు దిగిపోయే దారి లేకపోయినా అక్కడే నిలవ పడుతుంది. ఒక్క పక్కనే ఉంటే ఆ రోలర్ ఆపరేటర్ వైపు, గేర్ వైపు సమానంగా ఆనడం లేదు. బొమ్మకు ఎదురుగా పట్టీలుగా ఉంటే, అంటే ప్లేటు మీద పెద్ద సాలిడ్ (నిండు రంగు భాగం) ఉన్న చోటికి సరిగ్గా సమానంగా ఉంటే, ఆ జోన్‌లో ఇంకు మోతాదు మించింది, లేదా ఇంకు నీరు ఎక్కువ తాగి పలచబడింది. రోలర్ అంతటా ఒకేలా మబ్బు కమ్మితే నీళ్ల సంగతి చూడాలి: పీహెచ్, ఆల్కహాల్, వేడి. చిన్న చిన్న చుక్కలుగా, ఎన్నిసార్లు కడిగినా అదే చోట వస్తే క్రోమ్ పూతే దెబ్బతిన్నది.

ఎంతసేపటికి వస్తోంది అన్నది కూడా పనికొస్తుంది. మెషిన్ ఎత్తుకున్న మొదటి రెండు వందల షీట్లలోనే వస్తే అది వాష్ మిగులు, గమ్ (ప్లేటుకూ రోలర్‌కూ పూసే బంక) మిగులు, లేదా ఎత్తుకునే వరసలో తప్పు. మధ్యాహ్నం వేడెక్కాక వస్తే ఉష్ణోగ్రత. రోజు రోజుకీ కాస్త కాస్త పెరుగుతూ వస్తే ట్రే నీళ్లు పాతబడ్డాయి, లేదా రోలర్ మీద గ్లేజు (గాజులాంటి పొర) కడుతోంది.

నీళ్లు

ఆర్ట్ పేపర్ మీద నాలుగు రంగుల పనికి ఫౌంటెన్ నీళ్ల (ట్రేలో పోసే, సొల్యూషన్ కలిపిన నీళ్ల) పీహెచ్ 4.8 నుంచి 5.5 మధ్య ఉండాలి. 5.5 దాటి పైకి పోతుంటే ప్లేటులో బొమ్మ లేని భాగానికి, క్రోమ్ రోలర్‌కు గమ్ అంటుకునే శక్తి తగ్గి జిడ్డు పట్టడం మొదలవుతుంది. 4.5 కంటే కిందికి పోతే ఇంకో రకం చిక్కు: ఇంకు ఆరడం ఆలస్యమవుతుంది, ప్లేటు తినేస్తుంది, ఇంకు వరసలోని ఉక్కు రోలర్లు ఇంకు వదిలేసి తెల్లగా బయటపడతాయి. నీళ్ల వైపు ఇంకు ఎక్కుతోందని ఫౌంటెన్ సొల్యూషన్‌ను గుడ్డిగా రెట్టింపు పోసేవాళ్లు ఈ రెండో చిక్కులో పడుతుంటారు.

అయితే పీహెచ్ ఒక్కటే చూసి మోసపోవద్దు. ఇప్పటి సొల్యూషన్లు చాలావరకు బఫర్ (పీహెచ్‌ను మారకుండా నిలిపేది) ఉన్నవే. 2 శాతం కలిపినా 4 శాతం కలిపినా పీహెచ్ చూసే కాగితం పట్టీ దాదాపు అదే రంగు చూపిస్తుంది. మోతాదు తెలిసేది నీటిలో కరెంటు ఎంత సాగుతుందో కొలిచే కండక్టివిటీ మీటర్‌తోనే. చేయాల్సింది ఒక్కసారి పని: ప్రెస్‌లో వాడే నీటినే ఒక లీటరు తీసుకుని మీటర్ రీడింగ్ రాయాలి, తర్వాత 10 మి.లీ. చొప్పున సొల్యూషన్ పోస్తూ 1, 2, 3, 4 శాతాల దగ్గర రీడింగ్ రాసి గోడకు అంటించాలి. ఉత్త నీరు 300 మైక్రోసీమెన్స్ ఉండి, 3 శాతం దగ్గర 1300 వచ్చిందనుకుందాం. రోజూ పొద్దున ఆ 1300 దగ్గరగా ఉందా లేదా చూస్తే చాలు. ఆల్కహాల్ కలిపితే రీడింగ్ కొంత తగ్గుతుంది కనుక ఈ కొలత ఆల్కహాల్ కలపక ముందే తీయాలి, లేదా ఎప్పుడూ ఒకే మోతాదు ఆల్కహాల్‌తో తీయాలి. నడుస్తున్న ట్యాంకులో రీడింగ్ తాజా స్థాయి కంటే సుమారు 500 పెరిగిందంటే కాగితం సున్నం, ఇంకు మిగులు చేరాయని అర్థం. అప్పుడు సొల్యూషన్ కలపడం కాదు, ట్యాంకు ఖాళీ చేసి, ఫిల్టర్ కడిగి, కొత్త నీళ్లు పోయాలి. వారానికోసారి ఎలాగూ చేయాల్సిన పనే అది.

తెలుగు జిల్లాల్లో చాలా ప్రెస్‌లకు నీళ్లు బోరువే. బోరు నీటిలో కాఠిన్యం ఎక్కువ, అందులోని బైకార్బొనేట్ సొల్యూషన్‌లోని ఆమ్లాన్ని తినేసి పీహెచ్‌ను మెల్లగా పైకి లాగుతుంది. కాల్షియం మాత్రం రోలర్ల మీద తెల్లని గాజులాంటి పొరగా కడుతుంది. ఆర్ట్ పేపర్ కోటింగులో ఉండే కాల్షియం కార్బొనేట్ దీనికి తోడవుతుంది. ఈ గ్లేజు కట్టిన రబ్బరు రోలర్ నీటిని సమంగా మోయలేదు, మచ్చలు మచ్చలుగా మోస్తుంది, నీరు లేని చోట ఇంకు కూర్చుంటుంది. దీని మీద పెట్రోలు, కిరోసిన్ ఏమీ పని చేయవు, ఎందుకంటే అది జిడ్డు కాదు, సున్నం. కాల్షియం రిమూవర్‌తో, అది లేకపోతే పలచని వెనిగర్‌తో తుడిచి, తర్వాత నీళ్లతో బాగా కడగాలి.

దీనికి విరుగుడుగా ఉత్త ఆర్‌ఓ నీళ్లు పోస్తే సరిపోతుందనుకోవడమూ పూర్తిగా సరి కాదు. ఖనిజాలేవీ లేని నీరు కాగితంలోని కాల్షియాన్ని ఇంకా బాగా లాక్కుంటుంది. ఆర్‌ఓ నీరు వాడితే దానికోసమే తయారైన ఫౌంటెన్ సొల్యూషన్ తీసుకోవాలి, లేదా కాఠిన్యం 8 నుంచి 12 జర్మన్ డిగ్రీల మధ్యకు తెచ్చుకోవాలి. అంటే కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు దాదాపు 140 నుంచి 215 మి.గ్రా.

ఆల్కహాల్ సంగతి. ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) నీటి బిగువు తగ్గించి పలచగా పరుచుకునేలా చేయడమే కాదు, నీటిని కాస్త చిక్కబరుస్తుంది కూడా, అందుకే రోలర్ మీద పొర నిలకడగా పైకి వస్తుంది. నిరంతర పద్ధతి పాత మెషిన్లలో 8 నుంచి 12 శాతం వాడకం. మే నెలలో విజయవాడ లాంటి చోట నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేని షెడ్డులో ట్రే నీళ్లు 30 డిగ్రీలు దాటుతాయి. పొద్దున పోసిన ఆల్కహాల్ మధ్యాహ్నానికి గాలిలో కలిసిపోతుంది. నీళ్ల పొర తెగి, క్రోమ్ మీద ఖాళీలు పడి, ఇంకు వచ్చి కూర్చుంటుంది. అదే వేడికి ఇంకూ పలచబడి నీటిని ఇట్టే కలుపుకుంటుంది. రెండు వైపుల నుంచీ దెబ్బ. ట్రేలో నీళ్లు 10 నుంచి 14 డిగ్రీల మధ్య ఉండాలి. హైడ్రోమీటర్‌తో ఆల్కహాల్ కొలిచేటప్పుడు దాని మీద రాసి ఉన్న ఉష్ణోగ్రత, సాధారణంగా 20 డిగ్రీలు, గమనించాలి. చల్లటి నీళ్లలోనే ముంచి చదివితే ఆల్కహాల్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఆల్కహాల్‌కు బదులు వాడే సబ్‌స్టిట్యూట్‌కు ఆ చిక్కదనం ఇచ్చే గుణం ఉండదు. దానికి మారేటప్పుడు మీటరింగ్ రబ్బరు మరింత మెత్తనిది, 20 నుంచి 25 షోర్ (రబ్బరు గట్టిదనం కొలత) దగ్గరది, వేయించుకోకపోతే నీళ్లు నిలవవు. ఇంకో మాట: ఐపీఏ సుమారు 12 డిగ్రీలకే అంటుకునే ఆవిరి వదులుతుంది. క్యానులు మెషిన్ పక్కన, స్విచ్ బోర్డు కింద పెట్టకూడదు.

క్రోమ్ రోలర్‌కు నీటి గుణం తిరిగి తేవడం

క్రోమ్ మీద మబ్బు కమ్మినప్పుడు కిరోసిన్‌తో తుడిస్తే రంగు పోతుంది, జిడ్డు మాత్రం ఉండిపోతుంది. కిరోసిన్ పూర్తిగా ఆరదు. కంటికి కనపడని నూనె పొర వదులుతుంది. ఆ పొర మీదికి నీరు రాదు, ఇంకు పరుగున వస్తుంది. తుడిచిన రెండు మూడు వేల ఇంప్రెషన్లకే మచ్చ తిరిగి రావడానికి చాలా ప్రెస్‌లలో కారణం ఆ తుడుపే.

సరైన పని ఇలా. మెషిన్ పూర్తిగా ఆపి, ఇంచ్ (బటన్ నొక్కినంతసేపే మెల్లగా కదలడం) మీద మాత్రమే రోలర్‌ను కాస్త కాస్త తిప్పుతూ, త్వరగా ఆరే రోలర్ వాష్‌తో ఇంకు తీయాలి. వెంటనే నీళ్ల గుడ్డతో రెండుసార్లు తుడవాలి. తర్వాత క్రోమ్ క్లీనర్‌తోనో, తడిగుడ్డ మీద వేసిన మెత్తని ప్యూమిస్ పొడితోనో రోలర్ పొడవునా ఒకే ఒత్తిడితో రుద్దాలి. స్టీల్ ఉన్ని, ఎమెరీ కాగితం దగ్గరికి రానివ్వకూడదు, ఆ గీతల్లోనే రేపు ఇంకు దాక్కుంటుంది. పొడి అంతా కడిగేశాక ఒక చుక్క నీరు రోలర్ మీద వదిలి చూడాలి. చుక్క పలచగా పాకి పరుచుకుంటే రోలర్ శుభ్రపడింది. తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలబడితే జిడ్డు ఇంకా ఉంది, మళ్లీ రుద్దాలి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఎచ్ (గమ్, ఆమ్లం కలిసిన ద్రావణం) పూస్తే జిడ్డు మీద గమ్ పూసినట్టే.

చుక్క పరుచుకున్నాక క్రోమ్ ఎచ్ పూయాలి. దొరికితే తయారుగా ఉన్నదే మంచిది. కలుపుకోవాల్సి వస్తే లీటరు గమ్ అరబిక్ ద్రావణానికి 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం సుమారు 30 మి.లీ. సరిపోతుంది. ఆమ్లాన్ని గమ్‌లోకి కొద్దికొద్దిగా పోయాలి, చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. గమ్ అరబిక్ తుమ్మబంక జాతిదే కనుక ఎండాకాలం త్వరగా పులిసి వాసన వస్తుంది, పులిసినదాన్ని వాడొద్దు. ఎచ్‌ను రోలర్ అంతా పూసి ఒకటి రెండు నిమిషాలు ఉంచి, పొడిగుడ్డతో పలచగా లాగి ఆరనివ్వాలి. ఆమ్లం క్రోమ్ పై పొరను శుభ్రంగా తేలుస్తుంది, గమ్ దానికి అంటుకుని నీటిని పట్టి ఉంచుతుంది. మందంగా వదిలేస్తే ఆ గమ్ మొదటి షీట్లలో ఇంకు వరసలోకి పోయి ఫారం రోలర్లను ఇంకు పట్టకుండా గుడ్డి చేస్తుంది.

ఆటోమేటిక్ వాష్ ఉన్న మెషిన్లలో ఇంకు వరస కడిగేటప్పుడు బ్రిడ్జ్ రోలర్ ఆని ఉంటే సాల్వెంట్ నీళ్ల వైపుకూ వస్తుంది. వాష్ అయ్యాక వాటర్ రోలర్లను నీళ్లతో తుడవకుండా మెషిన్ ఎత్తుకుంటే మొదటి వంద షీట్లలోనే మబ్బు కనబడుతుంది.

ఒత్తిడి

ఫారం రోలర్‌ను ముందు క్రోమ్ రోలర్‌కు, తర్వాత ప్లేటుకు సెట్ చేయాలి. ఈ వరస తారుమారు చేస్తే రెండో సెట్టింగ్ మొదటిదాన్ని చెడగొడుతుంది. రబ్బరు రోలర్ అయితే ఇంకు పట్టించి, మెషిన్ ఆపి, రోలర్‌ను ప్లేటుకు ఆనించి లేపితే ఒక పట్టీ పడుతుంది. ఆ పట్టీ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వెడల్పు, మామూలుగా 4 మి.మీ. దరిదాపుల్లో ఉండాలి. కచ్చితమైన అంకె మెషిన్ మాన్యువల్ చెప్పినదే. చివర్లు వెడల్పై మధ్య సన్నగా ఉంటే రబ్బరు చివర్లు ఉబ్బాయి, స్క్రూ తిప్పి లాభం లేదు, రోలర్ మార్చాల్సిందే. కొత్త వాటర్ ఫారం రోలర్ 25 నుంచి 30 షోర్ ఉంటుంది. 40 దాటి గట్టిపడ్డదాన్ని ఎంత బిగించినా నీటిని సమంగా ఆనించదు. పైగా బిగించిన కొద్దీ ప్లేటు మీది ఇంకును గీకి తనకు అంటించుకుంటుంది. ఇంకు ఎక్కుతోందని ఒత్తిడి పెంచడం అందుకే ఎదురు తిరిగే వైద్యం.

మీటరింగ్ రోలర్‌ను కొన్ని మెషిన్లలో కొద్దిగా ఏటవాలుగా తిప్పే వీలుంటుంది. అలా తిప్పితే చివర్లలో నీరు పెరుగుతుంది, మధ్యలో దాదాపు అలాగే ఉంటుంది. చివర్లలో మాత్రమే ఇంకు పేరుకుని, రబ్బరు బాగానే ఉంటే ముందు ఇది చూడాలి.

ఇంకు, ప్లేటు, ఎత్తుకునే వరస

ప్లేటును తడి స్పాంజితో తుడవండి. బొమ్మ లేని భాగంలోని రంగు వచ్చేసి, మెల్లగా తిరిగి వస్తే అది టింటింగ్: ఇంకు నీటిలో కలిసిపోతోంది. స్పాంజికి రాకపోతే స్కమ్మింగ్: ప్లేటుకే జిడ్డు పట్టింది, గమ్ పోయింది, లేదా ఆక్సీకరణ జరిగింది. మొదటిదైతే ప్లేటు మార్చినా ప్రయోజనం ఉండదు. రెండోదైతే ఇంకు మార్చినా అంతే. వాటర్ రోలర్‌కు ఎక్కే ఇంకులో చాలా భాగం ఇలా ప్లేటు మీది నుంచి తిరిగి వచ్చేదే.

రంగు తక్కువగా ఉండే పనులు, లెటర్‌హెడ్లు, చిన్న గీతల ఫారాలు, ఇంకును నిలవ చేస్తాయి. ఇంకు కాగితం మీదికి దిగదు, రోలర్ల మీదే తిరుగుతూ గంటల తరబడి నీరు తాగుతుంది. పాలలా తెల్లబడి, మెరుపు పోయి, చివరకు నీళ్ల వైపు పాకుతుంది. అలాంటి పనికి కాగితం తోక వైపు కట్ అయిపోయే చోట ఒక సాలిడ్ పట్టీ ప్లేటులోనే పెట్టించాలి. ఆ పట్టీ పాత ఇంకును బయటికి లాగేస్తూ ఉంటుంది. బ్రిడ్జ్ రోలర్‌ను విడదీసే వీలున్న మెషిన్‌లో దాన్ని లేపి నడిపినా ఉపశమనం ఉంటుంది.

నీళ్ల మోతాదుకు ఆధారం ప్లేటే. నడుస్తుండగా నీటిని ఒక్కో పాయింటు తగ్గిస్తూ పోతే ఒకచోట ప్లేటు అంచున రంగు పట్టడం మొదలవుతుంది. అక్కడి నుంచి రెండు మూడు పాయింట్లు పైకి పెట్టి ఆగిపోవాలి. అంతకు మించిన ప్రతి పాయింటూ ఇంకులోకే పోతుంది. టీకి ఆగి వచ్చాక కూడా ప్లేటును స్పాంజితో తడిపి, వాటర్ రోలర్లను ముందు ఆనించి, ఐదారు తిప్పులు తిరగనిచ్చి, ఆ తర్వాతే ఇంకు ఆనించాలి.

మోల్టన్ గుడ్డ ఉన్న మెషిన్లకు కొన్ని విడి జాగ్రత్తలున్నాయి. గుడ్డకు పెట్రోలు పెట్టొద్దు, అది ఇంకును కరిగించి పోగుల లోపలికి దింపుతుంది. గోరువెచ్చని నీళ్లు, మోల్టన్ క్లీనర్, మెత్తని బ్రష్ చాలు. సర్ఫ్ లాంటి పొడితో ఉతికితే నురగ పూర్తిగా పోయేదాకా ఏడెనిమిది నీళ్లలో జాడించాలి. ఆ సబ్బు మిగిలితే ఇంకును నీళ్లలో కలిపేది అదే, కడిగిన రోజే టింటింగ్ మొదలవుతుంది. కొత్త తొడుగును తడిపి ఎక్కించి, చివర్లు దారంతో బిగించేటప్పుడు ముడి దగ్గర బొడిపె లేకుండా చూడాలి, ఇంకు ఉంగరం మొదట కట్టేది ఆ బొడిపె మీదే. పాత వేస్ట్ ప్లేటు మీద కాసేపు తిప్పి, నూగు రాలాక మళ్లీ ఒత్తిడి సెట్ చేయాలి, ఎందుకంటే తడిసి నలిగాక గుడ్డ మందం తగ్గుతుంది.

ఇవన్నీ సరిచూశాక కూడా క్రోమ్ మీద ఒకే చోట చుక్కలు తిరిగి వస్తుంటే రోలర్‌ను వెలుతురులోకి తీసుకుని, శుభ్రం చేసి, ఏటవాలుగా చూడాలి. చుక్క ఉన్న చోట ఎర్రటి ఛాయ కనబడితే క్రోమ్ అరిగి కింది రాగి పూత బయటపడిందని అర్థం. రాగి స్వభావమే ఇంకును పట్టుకోవడం, అందుకే ఇంకు వరసలోని రోలర్లకు దాన్ని పూస్తారు. ముదురు గోధుమ రంగు తుప్పు కనబడితే కింది ఉక్కు తేలింది. అక్కడ ఏ ఎచ్ అయినా ఒకటి రెండు గంటలకు మించి నిలవదు. చేతిలో ఉన్న పని పూర్తి చేయడానికి గంటకోసారి గమ్ పూస్తూ నడపొచ్చు, కానీ ఆ రోలర్‌ను విప్పి, పాత పూత తీయించి, గ్రైండింగ్ చేయించి, మళ్లీ క్రోమ్ వేయించే వరకు ఆ మచ్చ పోదు. తిరిగి వచ్చిన రోలర్ వ్యాసం మునుపటి కొలతతో మైక్రోమీటర్ పెట్టి సరిచూసుకుని, ఆ తర్వాతే బేరింగుల్లో పెట్టి, పక్క రోలర్లన్నీ మొదటి నుంచి సెట్ చేయాలి.